ఎనిమిది పలకల దడి

నా చిన్నప్పుడు ఒక పొద్దున మా పెరట్లోని దడికి కంత పడింది. వేలు పట్టేంత చిన్న కంత. అది చేసింది నేనే. ఆ పూట మా అత్త మిట్టమధ్యాహ్నం దాకా దడి లోపలే ఉండిపోయింది. పొద్దుగూకేసరికి ఆమె వీపంతా బొబ్బలు లేచాయి. మూడో రోజు జ్వరంతో ఆమెను ఎడ్లబండిలో పడుకోబెట్టి భద్రాచలం దవాఖానకు తీసుకుపోయారు. ఇంట్లో ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. కంత ఎవరు చేశారో వాళ్లకు తెలియదు. పెద్దవాళ్లలో తెలిసిన మనిషి ఒక్కడే, ఆయన మా ఇంటి మనిషి కాదు.

అత్త అంటే మా నాయనకు చెల్లెలు. ఆమెను వైరా దిక్కున ఇచ్చారు. పెళ్లయిన రెండో ఏడు ఆమె మెడ వెనక చిన్న తెల్లమచ్చ కనబడింది. ఆ ఏడు తిరగకముందే అది వీపు మీదికి, పొట్ట మీదికి పాకింది. బొల్లి అంటుకునే రోగం కాదని, దానితో నొప్పీ దురదా ఏమీ ఉండవని ఇప్పుడు అందరికీ తెలుసు. ఆ రోజుల్లో మా దిక్కున తెల్లమచ్చ అంటే పెద్దరోగమనే, కుష్ఠనే అనుకునేవారు. అత్తగారింట్లో ఆమె కంచం, చెంబు వేరే పెట్టారు. తర్వాత మనిషినే వేరు చేసి మా ఇంటికి పంపించారు. శ్రీరామనవమి లోపల మచ్చలు తగ్గితే వచ్చి తీసుకుపోతామని, తగ్గకపోతే మా దారి మేం చూసుకుంటామని కబురు చేశారు. వాళ్ల దారి ఏమిటో అందరికీ తెలుసు. ఇంకో పిల్లను చూస్తారు.

అత్త వచ్చేనాటికి పండగకు అయిదారు నెలలుంది. మా నాయన ఆమెను గోదావరి అవతల ఒక పసరు వైద్యుడి దగ్గరికి తీసుకుపోయాడు. ఆయన బావంచాల గింజలు ఇచ్చాడు. వాటిని నానబెట్టి నూరి, ఆ ముద్ద మచ్చల మీద రాసి, పొద్దు బారెడెక్కాక ఎండలో కూర్చోవాలి. ఎండ తగలకపోతే మందు పనిచేయదు. అన్నం ఉడికేంతసేపు కూర్చుంటే చాలు, అంతకు మించితే ఒళ్లు కాలుతుందని మరీ మరీ చెప్పి పంపాడు.

అన్నీ ఉన్నాయి గానీ కూర్చోవడానికే చోటు లేదు. మాది పెంకుటిల్లు, మిద్దె లేదు. పెరటికి నడుమెత్తు మట్టిగోడ ఉంది. దాని అవతలే పశువులు అడవికి పోయే బాట. వీపూ పొట్టా ఎండకు పెట్టుకుని ఆడమనిషి అక్కడ ఎట్లా కూర్చుంటుంది? అందుకని పెరట్లో మనిషెత్తు దడి కట్టించాలనుకున్నారు.

దడి కట్టడానికి అడవి లోపలి గూడెం నుంచి ఒక ముసలాయన వచ్చాడు. మా ఊళ్లో తడికలన్నీ ఆయన అల్లినవే. మేం ఆయన్ను తడికల తాత అనేవాళ్లం. వెదురు దబ్బలతో అయిదడుగుల పొడుగు, ఆరడుగుల ఎత్తు తడికలు ఎనిమిది అల్లుకొచ్చాడు. మా నానమ్మ పక్కకు రెండు చొప్పున నాలుగు పక్కలా నిలబెట్టి పొమ్మంది. తాత పెరట్లో కాసేపు అటూ ఇటూ నడిచాడు. పొద్దెక్కడ ఉందో చూశాడు. ఒక తడికను నిలబెట్టించి దాని నీడను అడుగులతో కొలిచాడు.

"గట్ల పెడితే సూర్యుడు లోపలికి రాడమ్మా," అన్నాడు. "నువ్వు కట్టించేది ఎండ కోసమా, నీడ కోసమా?"

"దడి అన్నంక నాలుగు మూలలుండయా?" అంది నానమ్మ.

"మా మేకల దొడ్డికి మూలలే ఉండయి. మూలలుంటే మేకలన్నీ ఒక్క కాడికే నూక్కొని పిల్లల్ని తొక్కుతయి. అందుకే ఎనిమిది పలకలు పెడతం. గవే తడికలు, గదే పని. లోపల జాగ మాత్రం పెరుగుతది."

నేనప్పుడు అయిదో తరగతి. ఆయన చెప్పింది నాకు అర్థం కాలేదు. చేసి చూపించాక అర్థమైంది. నాలుగు మేకులు కొట్టి, పన్నెండడుగుల చదరానికి చుట్టూ తాడు కట్టాడు. ఎదురెదురు మూలలకు రెండు తాళ్లు లాగితే అవి కలిసిన చోట నడిమధ్య వచ్చింది. మూల నుంచి నడిమధ్య దాకా ఎంత తాడు పడుతుందో కొలిచి అక్కడ ముడి వేశాడు. తాడు కొసను మూల మేకుకు ఆనించి పట్టుకోమని నాకిచ్చాడు. ముడిని తాను పట్టుకుని చదరం గీత మీదికి వచ్చేదాకా తిప్పి, అక్కడొక పుల్ల గుచ్చాడు. అటు వైపు గీత మీదికి తిప్పి ఇంకో పుల్ల. నాలుగు మూలల నుంచీ అట్లా చేస్తే ఎనిమిది పుల్లలయ్యాయి. పుల్ల నుంచి పుల్లకు బూడిద పోసి, మూలల్లోని మేకులు పీకేశాడు. నేల మీద ఎనిమిది పలకలు కనబడ్డాయి. ఒక్కో పలకకు ఒక్కో తడిక సరిగ్గా సరిపోతుంది. ఆయనకు లెక్కలు రావు, బడి మొహం చూడలేదు. అయిదడుగుల తడికకు పన్నెండడుగుల చదరం అన్న ఒక్క ముక్క ఆయనకు వాళ్ల నాయన చెప్పిపోయాడట.

ఒక మూల దగ్గర నేను తాడు వదులుగా పట్టాను. ఆ పలక జానెడు పొట్టిగా వచ్చింది. కొలకర్ర వేసి చూసి తెలుసుకున్నాడు. కోప్పడలేదు. "తాడు వదులైతే తప్పు నీ కాడ కానరాదు బిడ్డా, అవతలి కొసన కానవస్తది," అని మళ్లీ మొదటి నుంచి తిప్పాడు.

గుంజలు పాతి తడికలు కట్టేటప్పుడు వాకిలి ఎటువైపు పెట్టాలన్న మాట వచ్చింది. వంటింటి వైపు పెడితే కోడలికీ తనకూ కనిపెట్టుకుని ఉండటానికి బాగుంటుందని నానమ్మ అంది. మా నాయన సరేనన్నాడు. తాత వాళ్ల మాట విని, గడప దగ్గర తలుపు చాటున నిలబడి ఉన్న మా అత్త వైపు తిరిగాడు.

"నీకెటు కావాల్నమ్మా?"

ఆమె పుట్టింటికి వచ్చినప్పటి నుంచి ఆమెను ఇది కావాలా, అది కావాలా అని ఎవరూ అడగలేదు. ఆమె తలుపు చాటు నుంచి ఒక అడుగు ముందుకు వేసింది. తర్వాత, "గుట్ట దిక్కు," అంది.

"గటు దిక్కు ఎవలుంటరే, కొండముచ్చులా?" అంది నానమ్మ.

"కూసునేది ఆమె గదా," అని తాత గుట్ట వైపున్న పలకకే వాకిలి కట్టాడు. తడికల సందులు కనబడకుండా బయటి నుంచి పేడా మట్టీ కలిపి అలికాడు. లోపల నిలబడితే పైన ఆకాశం తప్ప ఏమీ కనబడదు. నానమ్మ చెప్పినట్టు కడితే లోపల అటు నుంచి ఇటు పదడుగులే వచ్చేది. ఇప్పుడు పన్నెండు వచ్చింది. ఆ పెరిగిన రెండడుగుల ఎండలోనే అత్త చాప పడింది.

ఆ రోజు నుంచి మందు రాయడం నా పని అయింది. చేయి అందని చోట మచ్చలుంటే ఇంకొకరు రాయాలి. అమ్మకూ నానమ్మకూ పొద్దున్నే చేను పని ఉండేది. నేను వీపుకు ముద్ద రాసి, మందు అంటిన చీరను బయట బకెట్లో వేసేదాన్ని. అత్త ఒక పాత తుండుగుడ్డ నడుముకు చుట్టుకుని ఎండకు వీపు పెట్టి కూర్చునేది. అన్నం ఉడికేంతసేపయ్యాక నీళ్లూ ఉతికిన చీరా తీసుకుని నేను లోపలికి పోవాలి. తర్వాత బడికి.

నెల దాటాక ఒక పొద్దున ఆమె వీపు మీది తెల్లమచ్చలో నల్లటి చుక్కలు కనబడ్డాయి. ఆవగింజలంత ఉన్నాయి. నేను అరిచిన అరుపుకు అత్త బెదిరిపోయింది. చుక్కలని చెబితే నమ్మలేదు. నానమ్మను పిలిచి చూపించాక నమ్మింది. ఆ తర్వాత రోజూ అదే మాట.

"చూడవే, ఇయ్యాల ఇంకేమన్న మొలిచినయా?"

"మొలిచినయ్ అత్తా. గీడ రెండు, గీడ ఒకటి."

"పంట మంచిగనే ఉన్నదైతే. మీ నాయన జొన్నచేని కంటే నయమే," అని నవ్వేది. పుట్టింటికి వచ్చాక ఆమె నవ్వగా నేను విన్నది ఆ దడి లోపలే. నవమి నాటికి చుక్కలన్నీ కలిసిపోతే చాలని నానమ్మ దేవుడికి మొక్కుకుంది.

ఇక బడి సంగతి. తాత నేల మీద బూడిదతో ఎనిమిది పలకలు గీసినప్పుడు పశువుల బాటన పోయేవాళ్లు గోడ మీదుగా చూశారు. నడిమధ్య తాళ్లు, చుట్టూ పుల్లలు, బూడిద గీతలు. పైగా గీసింది గూడెం మనిషి. అది దడికి వేసిన కొలత అని ఒక్కరికీ తోచలేదు. మంత్రగాళ్లు ముగ్గులా వేసే పట్టు అనుకున్నారు. బాణామతి భయం ఊళ్లల్లో బాగా ఉన్న కాలం. మాట చేతులు మారుతూ మా తరగతికి వచ్చేసరికి దాని రూపమే మారిపోయింది.

"మీ అత్త దాంట్ల కుబుసం ఇడుస్తదంట గదనే?" అని నా పక్కన కూర్చునే పిల్ల అడిగింది.

"ఎవలన్నరే?"

"ఊరంత అంటున్రు. ఎనిమిది మూలల పట్టేసి దాంట్ల కూసుంటదంట. తెల్లగైన తోలంత ఊడిపోతదంట."

"థూ, అబద్ధం. మందు రాసుకుంటది. రాసేది నేనే."

"అయితే నువ్వు నా పక్కన కూసోకు. అబద్ధమైతే సూపెట్టు మరి."

ఆమె నా పక్కన కూర్చోవడం నిజంగానే మానేసింది. మిగతావాళ్లూ జరిగారు. మధ్యాహ్నం నా గిన్నె పక్కన ఎవరూ గిన్నె పెట్టేవారు కాదు. అత్తగారింట్లో అత్తకు ఏం జరిగిందో బడిలో నాకు అదే జరిగింది. కానీ ఆ రెండూ ఒకటేనని అప్పుడు నాకు తట్టలేదు. మా అత్త మామూలు మనిషేనని ఒక్కసారి చూపిస్తే చాలు, గొడవ తీరుతుందని మాత్రమే అనుకున్నాను. నా మనసులో చెడు లేదు. ఇన్నేళ్లలో ఆ మాట నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను. దానివల్ల పెద్దగా ఊరట దొరకలేదు.

మిరపకాయలు ఏరే రోజులు. ఇంట్లోవాళ్లంతా తెల్లారకముందే చేనికి పోయారు. నేను అత్తకు మందు రాసి, చీర బకెట్లో వేసి, నీళ్లు తెస్తానని చెప్పి బయటికి వచ్చాను. నా పక్కన కూర్చోవడం మానేసిన పిల్లా, ఇంకొక పిల్లా నేను రమ్మన్నట్టే గోడ దగ్గర వంగి కూర్చుని ఉన్నారు. దడికి అలికిన పేడను గోటితో గీకాను. కింద దబ్బను కొడవలి మొనతో లేపితే విరిగింది. వెదురు పేడు ఒకటి నా చూపుడువేలిలో దిగింది. నొప్పికి నోరు మూసుకుని పక్కకు జరిగాను. మొదటి పిల్ల కన్ను పెట్టి చూసింది. రెండో పిల్ల చూసింది.

"ఏం లేదేందే," అంది మొదటి పిల్ల. దాని గొంతులో ఎంత నిరాశ ఉందో అంత గట్టిగా అంది. "మనిషే!"

లోపల గాజుల చప్పుడు ఠక్కున ఆగిపోయింది.

మేం పరుగెత్తాం. బడి దాకా ఆగలేదు. నీళ్లు ఇవ్వాలని, చీర ఇవ్వాలని నాకు గుర్తుంది. మరిచిపోయానని చెబితే అబద్ధమవుతుంది. వెనక్కి పోతే అత్త ముఖం చూడాలి. ఆ భయంతో పోలేదు. తర్వాతి గంటలో పోదామనుకున్నాను, ఆ తర్వాతి గంటలో పోదామనుకున్నాను.

ఆమె లోపల కూర్చునే ఉంది. బయట ఎందరున్నారో, పోయారో లేదో తెలియదు. తుండుగుడ్డతో బయటికి రాలేదు, అరిచి పిలవలేదు. కంతకు ఎదురుగా లేకుండా జరగాలంటే దడిలో మూల అనేదే లేదు. కాస్త నీడ పడే పలక కంతకు ఎదురుగానే ఉంది, మిగతా చోటంతా ఎండే. మిట్టమధ్యాహ్నం నానమ్మ అన్నానికి వచ్చేదాకా మందు ఆరిన వీపు మీద ఎండ అట్లాగే కాసింది.

తర్వాత జరిగింది మొదట్లోనే చెప్పాను. నేను బడికి ఆలస్యమై చీర ఇవ్వకుండా పోయాననుకున్నారు ఇంట్లోవాళ్లు; చూసిన పిల్లలిద్దరూ తన్నులకు భయపడి నోరు మెదపలేదు. దవాఖానలో వారం ఉంచారు. అత్త వచ్చాక బొబ్బలు మాని, వాటి కింద ఇంకా తెల్లటి తోలు వచ్చింది. ఆవగింజ చుక్కలు ఉన్న చోట చుక్కలు లేవు. మా నాయన ఇంకా మిగిలిన బావంచాల సంచీ తీసి ఆమె ముందు పెడితే, ఆమె దాన్ని కాలితో కాదు, చేత్తోనే మెల్లగా దూరం జరిపింది.

కంత పూడ్చడానికి నాయన తడికల తాతకు కబురు పెట్టాడు. తాత వచ్చి వంగి చూశాడు. గీకిన పేడ బయటే రాలి ఉంది. కంత పెద్దవాళ్ల కంటికి అందే ఎత్తులో లేదు. నేను వేలికి గుడ్డ చుట్టుకుని మంచం కోడు పక్కన నిలబడి ఉన్నాను. ఆయన నన్ను రమ్మని సైగ చేసి గుడ్డ విప్పాడు. వేలు ఉబ్బి ఉంది. తుమ్మముల్లుతో పేడు బయటికి తీసి అరచేతిలో పెట్టుకుని చూశాడు. అది ఏ దబ్బదో ఆయనకు కాక ఇంకెవరికి తెలుస్తుంది? దాన్ని దడి అవతలికి విసిరేశాడు.

మా నాయన గట్టిగానే అడిగాడు. "ఏడాదన్న కాలే కట్టి. అప్పుడే కంతేంది?"

"పచ్చి బొంగు కొట్టిన పటేలా," అన్నాడు తాత. "ఎండకు దబ్బ చీలింది. నా అల్లికదే తప్పు."

నాయన తిట్టాడు. నీ చేతిపని వల్ల నా చెల్లెలు పాడైందన్నాడు. నానమ్మ ఇంకా పెద్ద మాటలంది. తాత తలవంచుకుని విన్నాడు. తన పని గురించి ఒక్క మాట పడని మనిషని ఊళ్లో ఆయనకు పేరు. అందరూ అలిసిపోయాక విరిగిన దబ్బ తీసేసి కొత్త దబ్బ నా చేతికే ఇచ్చి, అల్లిక ఎట్లా దూర్చాలో చూపించాడు. పైన పేడ కూడా నాతోనే అలికించాడు. అప్పుడు నాకు మాత్రమే వినబడేటట్టు అన్నాడు.

"మీ నాయనకు నేను చెప్పిన. మీ అత్తకు నువ్వు చెప్పు."

నేను తల ఊపాను. ఆ సాయంత్రమే చెప్పాలనుకున్నాను. అత్త గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. మర్నాడు చెప్పాలనుకున్నాను.

నవమి వచ్చింది, పోయింది. వైరా నుంచి ఎవరూ రాలేదు. వానలు పడేలోపు అతనికి ఇంకో పెళ్లయిందని తెలిసింది. తడికల తాత దబ్బలు చీలుతాయన్న మాట మా ఇంట్లోంచే ఊళ్లోకి పోయింది. ఆ ఎండాకాలం పందిళ్లకూ దొడ్లకూ జనం వేరే ఊరి మనిషిని పిలిపించుకున్నారు. తాత రెండుసార్లు తడికల మోపుతో వచ్చి, మోపుతోనే తిరిగిపోవడం చూశాను. మూడోసారి రాలేదు. ఆయన కట్టిన దడిలో నేను విరిచిన దబ్బ తప్ప ఇంకొకటి చీలింది లేదు. నాలుగు వానాకాలాలు నిలబడి, మేం ఆ ఇల్లు మరమ్మతు చేసినప్పుడు విప్పితే గానీ ఊడలేదు.

నేనొక్క మాట చెబితే ఆయన అన్నం నిలిచేది. పదేళ్ల పిల్లకు ఆ మాట ఎంత బరువో ఆయనకు తెలుసు. అందుకే సగం బరువు తాను మోసి, సగం నాకు వదిలాడు. తన భాగం ఆయన మోసి వెళ్లిపోయాడు. ఎవరైనా తప్పు తన మీద వేసుకోవడం చూస్తే నాకిప్పటికీ ఆ వంచిన తలే కనబడుతుంది. పిల్లలు ఏదైనా పాడుచేసి నా ముందు నిలబడితే, ఎవరు చేశారని అడగబోయే ముందు వాళ్ల వేళ్లు చూస్తాను. పెద్దవాళ్లు మన తప్పును కప్పిపెడితే అది తీరిపోయినట్టు కాదు, మనకు గడువు ఇచ్చినట్టు. ఇది నాకు ఆయన నేర్పింది. నేర్చుకోవడం వేరు, చేయడం వేరు.

అత్త తర్వాత ఆడపిల్లల హాస్టల్లో ఆయాగా చేరి, రిటైరయ్యేదాకా చేసింది. మళ్లీ పెళ్లి మాట ఎత్తనివ్వలేదు. ఇప్పుడు ఖమ్మంలో, ఖానాపురం హవేలిలో, నా దగ్గరే ఉంటుంది. మచ్చలు పాకి పాకి, చివరికి ఒళ్లంతా ఒకే తెలుపు అయింది. ఎక్కడా నలుపు మిగల్లేదు కాబట్టి తెలియనివాళ్లు అది పుట్టు రంగే అనుకుంటారు. మొన్న షేర్ ఆటోలో ఒకావిడ, "ఏం రంగమ్మా నీది, దొరసాని లెక్కున్నవ్," అంది. అత్త ఆటో దిగేదాకా నవ్వుతూనే ఉంది. ఇంటికొచ్చాక మెడ వెనక కొబ్బరినూనె రాయమని నాకు సీసా ఇచ్చి, వీపు నా వైపు తిప్పి కూర్చుంది. నేను రాశాను. ఆ పొద్దున బయట ఎవరున్నారని ఆమె నన్ను ఎన్నడూ అడగలేదు. తెలిసి అడగలేదో, తెలియక అడగలేదో నాకు తెలియదు. నేను ఇంకా చెప్పలేదు.